మేకతోలు మీద మొదలైన యానిమేషన్

చీకటి. తెల్లటి పంచె కట్టిన తెర. దాని వెనక దీపం. తోలు మీద చెక్కిన హనుమంతుణ్ని తెరకు ఆనిస్తే నగల్లోని చుక్కచుక్కా కనిపిస్తుంది. కాస్త దీపం వైపు జరిపారా... నీడ పెరిగిపోతుంది, అంచులు మసకబారతాయి, ఆంజనేయుడు ఆకాశమంత అవుతాడు. సముద్రం దాటే ఘట్టానికి ఇంతకన్నా ఏం కావాలి!

ఆ బొమ్మల ఊరు నిమ్మలకుంట. ధర్మవరం మండలంలో ఉంది. 2022లో జిల్లాలు విడిపోయేదాకా అనంతపురం, ఇప్పుడు శ్రీసత్యసాయి జిల్లా. పేరు మారినా నేల అదే. ఎర్రమట్టి, వేరుశనగ చేలు, గుండ్రాళ్ల గుట్టలు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. అదీ కురిస్తేనే!

యానిమేషన్ నేర్చుకోవడానికి ఈ సీమ పిల్లలు బెంగళూరు, హైదరాబాద్ బస్సెక్కుతారు. కోర్సు చివర్లో ఓ లఘుచిత్రం తీయాలి. సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండు ఫ్రేములకు వాడుకున్నా అయిదు నిమిషాల సినిమాకి 3,600 బొమ్మలు. పాత్రలకే ఇంత పనుంటే వాటి వెనక కనిపించే ఊరూ కొండా ఎవరు గీస్తారు? అక్కడ ఆదుకునేదే డిజిటల్ మ్యాట్ పెయింటింగ్. కెమెరాకి దొరకని చోటుని ఒక్కసారి నిదానంగా చిత్రించి, కదిలే పాత్రల వెనక అమర్చడం. 1907లోనే అమెరికాలో నార్మన్ డాన్ అనే ఆయన అద్దం మీద బొమ్మ వేసి, కెమెరా ముందుంచి, కూలిపోయిన కట్టడాలకు పైకప్పులు కట్టేశాడు. అద్దం పోయి కంప్యూటర్ వచ్చిందిగానీ కిటుకు మారలేదు.

గుంతకల్లు నుంచి ధర్మవరం వెళ్లే రైలెక్కి కిటికీ పక్కన కూర్చుంటే ఆ కిటుకు ఇట్టే తెలిసిపోతుంది. పట్టాల పక్కనున్న తుమ్మచెట్టు రివ్వున వెనక్కి పోతుంది. చేను మెల్లగా జరుగుతుంది. దూరాన గుట్ట అసలు కదలదు. కంప్యూటర్లో చేసేదీ ఇదే. ఆకాశం ఓ పొర, గుట్టలు ఓ పొర, చేలు ఓ పొర, ముందున్న బండలు మరో పొర. ఒక్కోదాన్నీ ఒక్కో వేగంతో జరిపితే చదునైన బొమ్మకి లోతు వస్తుంది. దూరం పెరిగేకొద్దీ రంగు వెలిసిపోవాలి. ఎండ ఏ వైపు నుంచి పడుతోందో అన్ని పొరలకీ గుర్తుండాలి. కొత్తవాళ్లు దొరికిపోయేది ఇక్కడే. పాత్ర నీడ తూర్పుకి, చెట్టు నీడ పడమటికి!

వెతకాలేగానీ ఈ విద్యకు ఇంటి దగ్గరే గురువులున్నారు. హిందూపురం దాకా దిగి లేపాక్షి గుడిలో తలెత్తి చూస్తే చాలు. విజయనగర రాజుల కాలంలో, 16వ శతాబ్దంలో వేసిన చిత్రాలు పైకప్పు పొడవునా కథలు చెబుతుంటాయి. పార్వతీ కల్యాణం, కిరాతార్జునీయం... ఒక పట్టీ తర్వాత మరొకటి. పక్కకు తిరిగిన ముఖాలు, పెద్ద కళ్లు, చీరల అంచులు చూశాక నిమ్మలకుంట బొమ్మ చూస్తే, రెండూ ఒకే ఇంటివాళ్లలా అనిపిస్తాయి.

పక్కనున్న అనంతపురం జిల్లాలో, పెన్న ఒడ్డున తాడిపత్రి ఉంది. 'మాయాబజార్' తీసిన కె.వి.రెడ్డి సొంతూరు అదే. 1957 నాటి ఆ సినిమాలో ద్వారక కోసం స్టూడియోలోనే బుల్లి బుల్లి ఇళ్లతో నగరాన్ని కట్టి దీపాలు పెట్టారు. మార్కస్ బార్ట్‌లీ కెమెరా దాన్ని మహానగరం చేసింది. 2015లో 'బాహుబలి' మాహిష్మతికి వచ్చేసరికి సెట్టు ఆగిన చోటు నుంచి కంప్యూటర్ అందుకుంది.

ఇంత ఉండీ మన విద్యార్థుల చిత్రాల్లో వెనక కనిపించేది మంచుకొండలూ, ఐరోపా కోటలూ! వెండితెర మీద సీమ అంటే సుమోలు, వేటకొడవళ్లు. పెనుకొండ కోటగుట్ట మీద సాయంత్రపు ఎరుపు, రామగిరి వైపు గాలిమరలు, కదిరి దగ్గర ఒక్క చెట్టే తోపులా పరుచుకున్న తిమ్మమ్మ మర్రిమాను, మిట్టమధ్యాహ్నం రంగే లేకుండా పోయే ఆకాశం... వీటిని బొమ్మలోకి ఎక్కించడం తేలికేం కాదు. పచ్చదనంతో తప్పులు కప్పేసుకోవచ్చు. బీడు దగ్గర ఆ వీలుండదు.

మళ్లీ నిమ్మలకుంట సంగతికొస్తే, ఇక్కడి కళాకారుల పూర్వికులు మరాఠా నేల నుంచి వచ్చారంటారు. ఇళ్లలో మరాఠీ యాస, తెర వెనక తెలుగు పద్యం. ఒకప్పుడు దేవతల బొమ్మలకు జింకతోలు వాడేవారు. ఇప్పుడు అన్నిటికీ మేకతోలే. శుభ్రం చేసి, సాగదీసి ఆరబెడితే వెలుతురు దూరేంత పలచనవుతుంది. గీత గీసి, ఉలితో రంధ్రాలు కొట్టి, రెండువైపులా రంగులు వేస్తారు. చేతులూ కాళ్లూ విడివిడిగా చేసి దారంతో కలుపుతారు. యానిమేషన్ తరగతిలో 'రిగ్గింగ్' పేరుతో నేర్పేది ఈ ముళ్లు వేయడమే. వంతు రాని పాత్రలను ఈతముల్లుతో తెరకు గుచ్చి పక్కన నిలబెట్టేవారు. వాన కోసం ఊళ్లు విరాటపర్వం ఆడించుకున్న రోజులూ ఉన్నాయి.

2020లో ఈ ఊరి దళవాయి చలపతిరావుకు పద్మశ్రీ వచ్చింది. గౌరవం వచ్చిందిగానీ, తెల్లవార్లూ ఆట కట్టించే ఊళ్లు మాత్రం తిరిగి రాలేదు. ఎక్కువ ఇళ్లలో ఇప్పుడు చేసేవి దీపపు బుడ్డీలు, గోడ బొమ్మలు, తలుపు తెరలు. కూడు పెడుతున్నవి అవే కాబట్టి తప్పు పట్టడానికి లేదు. కాకపోతే బుడ్డీ మీద రాముడు కదలడు, మాట్లాడడు. జుట్టుపోలిగాడు, బంగారక్కల కొంటె కబుర్లకు దాని మీద చోటే లేదు.

చెక్కే చేతులకు కొరత లేదు. తగ్గిపోతున్నవి రామాయణాన్ని రాత్రంతా పాడి నడిపించే గొంతులు, కాలికింద చెక్కను తొక్కి యుద్ధాన్ని వినిపించే పెద్దవాళ్లు. బ్యాక్‌గ్రౌండ్ ఫొటోల కోసం ఇటువైపు వచ్చే విద్యార్థులు కెమెరాతోపాటు మంచి రికార్డరు కూడా తెచ్చుకుంటే మేలు. గుట్టలు వచ్చే ఏడాదీ అక్కడే ఉంటాయి.