తరగతి ఐదు, చదువు రెండు

వదినా, వడియాలు పెట్టింది చాలు గానీ కాస్త గోడ దగ్గరికి రా. నిన్న నువ్వు మా రంగమ్మ కూతుర్ని ‘మొద్దు’ అన్నావే, నా మనసు చివుక్కుమంది.

ఐదో తరగతే అది, ఒప్పుకుంటా. సాయంత్రం పలక ఇచ్చి 52లోంచి 17 తీసెయ్యవే అంటే 45 వేసింది. ఎట్లా వేసిందో అడిగా. రెండులోంచి ఏడు పోదు గదా, అందుకని ఏడులోంచి రెండు తీసేసిందంట! మొద్దు పిల్లకి ఆ ఆలోచన వస్తుందా చెప్పు? పక్క స్థానం నుంచి అప్పు తెచ్చుకోవాలని టీచరు చెప్పిననాడు అది బడిలో లేదు, అంతే. అప్పు సంగతి వాళ్లమ్మనడిగినా చెప్పేదిలే, ఆ అప్పు తీర్చడానికే గదా ఏటా గుంటూరు పోయేది.

సంక్రాంతి దాటితే మన ఆదోని, కోసిగి వైపు పల్లెల్లో ఎన్ని ఇళ్లకు తాళాలు పడతాయో నీకు తెలియంది కాదు. అమ్మానాన్నలు మిరపకాయలు కోస్తుంటే ఇది తమ్ముణ్ణి చంకనేసుకుని గట్టున కూచుంటుంది. వలసపోయేవాళ్ల పిల్లలకని సీజనల్ హాస్టళ్లు పెట్టారు, నిజమే. దీన్ని అక్కడ వదిలితే ఆ చంటోణ్ణి ఎవరు చూస్తారు? తిరిగొచ్చేసరికి పుస్తకం అయిపోయుంటుంది, జూన్‌లో పై తరగతి. టీచరమ్మనూ ఏమనలేం, ఆమె సిలబస్ అవగొట్టాలి. మనింట్లో పిల్లలూ జ్వరమొచ్చి బడి మానలేదా? ట్యూషను మాస్టారో వాళ్ల నాన్నో మళ్లీ చెప్పారు. దీనికెవరున్నారు?

మనూరి గోలే అనుకునేవు. పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగి చేసే అసర్ సర్వే ఉంది గదా, 2024లో ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు సగానికి లోపే. సర్కారు బడీ ప్రైవేటు బడీ కలిపే ఆ లెక్క.

ఆ సర్వే వెనకున్న ప్రథమ్ సంస్థ వాళ్ల విరుగుడు నాకు భలే నచ్చింది. మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని కలిపేసి, అక్షరాలు రానివాళ్లు ఓ పక్క, పదాల దగ్గర ఆగిపోయినవాళ్లు ఓ పక్క కూర్చోబెట్టి, రోజూ గంటో రెండు గంటలో ఎక్కడ ఆగారో అక్కడ్నుంచే చెబుతారు. ముంబై, వడోదరల్లో అయితే ‘బాలసఖి’ అని ఆ చుట్టుపక్కల చదువుకున్న అమ్మాయిలతోనే చెప్పించారు. వెనకబడ్డ పిల్లల మార్కులు పెరిగాయి. అది పరీక్షించి చూసినవాళ్లలో 2019లో నోబెల్ వచ్చిన అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో కూడా ఉన్నారు.

అసలు విషయానికొస్తా. నీ చిన్నకోడలు బీఎస్సీ చదివి ఇంట్లోనే ఉంది గదా. సాయంత్రం సీరియల్ మొదలయ్యేలోపు ఓ గంట మా అరుగు మీదికి పంపు. ఈ వీధిలోనే ఇట్లాంటి పిల్లలు ఇంకో నలుగురున్నారు. ఐదో తరగతి పుస్తకం తేవద్దని చెప్పు, రెండో తరగతిది నా దగ్గరుంది.