ఈమ్ గ్రామము నుండి రెండు లేఖలు

ఈమ్, డెర్బీషైరు
ఆదివారము

తీర్థరూపులైన నాయనగారి పాదములకు సాష్టాంగ నమస్కారములు. ఉభయకుశలోపరి.

షెఫీల్డు నుండి మోటారుబస్సులో కొండదారిని వచ్చి నిన్న సాయంకాలమునకు ఈ గ్రామము చేరితిని. బూడిదవన్నె రాతియిండ్లు, ఒక పొడవైన వీధి, దాని ప్రక్కన సెయింట్ లారెన్సు దేవాలయము. చూపున కింతియే ఊరు. దేవాలయపు ఆవరణలో ఎనిమిదవ శతాబ్దినాటి శిలాశిలువయు, గోడపై 1775 నాటి నీడగడియారమును ఉన్నవి. అయినను యాత్రికు లిచటికి వచ్చునది వీనికొఱకు గాదు, 1665లో వచ్చిన ప్లేగు కథకొఱకు.

ఆ యేడు లండను నుండి ఇచటి దర్జీకి గుడ్డలమూట యొకటి వచ్చెను. చెమ్మగిల్లిన ఆ గుడ్డలను నిప్పుసెగకు ఆరవేసిన పనివాడు జార్జి వికర్సు సెప్టెంబరు 7వ తేదీన మరణించెను. ఎలుకల నంటియుండి రక్తము పీల్చు పురుగులు ఆ మూటలో వచ్చినవని నేటివారి యూహ. నాటివారి కది తెలియదు. చలికాలమున కొంత సద్దుమణిగిన వ్యాధి మఱుసటి వేసవిలో విజృంభించెను.

మంగళవారము

నాయనగారికి నమస్కారములు.

ప్లేగునాటి ఈ ఊరి పాదిరి విలియం మాంపెసను అప్పటికి క్రొత్తవాడు. ప్రజలు నమ్మినది, రాజశాసనమునకు లొంగక పదవి కోల్పోయిన వెనుకటి పాదిరి థామసు స్టాన్లీని. మతభేదముచే ఎడమైన యీ యిరువురును 1666 జూనులో ఏకమై, ఊరివా రెవ్వరును పొలిమేర దాటరాదనియు, ఎవరి మృతులను వారే పూడ్చుకొనవలెననియు, ప్రార్థనలు కక్లెట్ డెల్ఫ్ లోయలో ఆరుబయట జరుగవలెననియు నియమించిరి. పొలిమేరరాతిని నేడు చూచితిని. దానిపై తొలిచిన ఆఱు గుంటలలో పుల్లని వినిగరు పోసి, ఊరివారు అందు నాణెములు వేసి పోయెడివారట. పొరుగూరివారు సరకు లచట దించి, సొమ్ము తీసికొని పోయెడివారు.

మాంపెసను తన బిడ్డలను ముందే యార్కుషైరునకు పంపివేసెను. భార్య క్యాథరీను మాత్రము ఆయనను విడువక నిలిచి ఆగస్టులో మరణించెను. బిడ్డలను దాటించినవాడు పరుల నాపుట న్యాయమా యను ప్రశ్న నన్ను వదలలేదు. కాని రైలీ పొలములో, రాతిగోడ నడుమనున్న సమాధులను చూచిన పిదప, ఆ కట్టుబాటును నిలిపినది పాదిరి యాజ్ఞ గాదు, పోవుటకు వేఱు చోటులేని సీసపుగనుల కూలీలును రైతులునే యని తోచెను. ఎలిజబెత్ హాంకాకు అను గృహిణి ఎనిమిది దినములలో భర్తను, ఆర్గురు బిడ్డలను తానే అచట పూడ్చెను.

మీ చిన్ననాట బళ్లారిసీమలో ప్లేగుచే ఎలుకలు రాలినంతనే జనులు ఊరు విడిచి పొలములలో గుడిసెలు వేసికొనుటను మీరు చెప్పియున్నారు. మనవారు తాము బ్రతుకుటకు ఊరు విడిచిరి. వీరు పొరుగువారు బ్రతుకుటకు ఊర నిలిచిరి. రెండును వివేకమే, రెండవదానికి మూల్యము హెచ్చు. నవంబరు 1వ తేదీకి వ్యాధి యణగునప్పటికి మృతుల లెక్క 260.

రేపు చాట్స్‌వర్తునకు పోవుచున్నాను. ఆనాడు ఈ ఊరికి ఆహారము పంపిన డెవన్‌షైరు ప్రభువు నివాస మదియే. అమ్మకు నమస్కారములు, పిల్లలకు ఆశీస్సులు.

చిత్తగించవలెను,
మీ కుమారుడు