ఒడ్డున నిలబడ్డవాడి వాటా

గాలం వేసేవాడి వెనక నిలబడి చూడటం మనకేం కొత్త కాదు. కాలవగట్టున ఒకడు బెండు వంక చూస్తుంటే, వాడి వంక చూసేవాళ్లు నలుగురుంటారు. "ఏమన్నా పడ్డాయా?" అని అడక్కుండా ఎవరూ కదలరు. ఇంగ్లండులో, వించెస్టర్ ఊరి పక్క ఇచెన్ నది కాలిబాట మీద మాత్రం నాకు ఆ ప్రశ్న అడగబుద్ధి కాదు. అక్కడ చూడాల్సింది పడిన చేపని కాదు, పడే దారాన్ని.

అక్కడివాళ్లు చేసే ఫ్లై ఫిషింగ్‌లో ఎర అంటే కొక్కేనికి ఈకముక్కలు చుట్టి కట్టిన దొంగపురుగు. బరువుండదు, విసిరితే నాలుగడుగులైనా పోదు. అందుకని లావుపాటి దారాన్నే విసరాలి, పురుగు దాని వెంట పోతుంది. దారాన్ని వెనక్కి కొట్టి, గాలిలో అది పూర్తిగా సాగేదాకా ఆగి, అప్పుడు ముందుకి కొట్టాలి. పల్లవి ఎత్తుకునే ముందు పాటగాడు తాళం కోసం ఆగినట్టు ఉంటుంది ఆ ఆగడం. విద్యంతా అందులోనే ఉంది. తొందరపడితే దారం ముడిపడుతుంది, ఆలస్యమైతే వెనక గడ్డిలో తగులుకుంటుంది.

ఇచెన్‌లోవి సుద్దనేలలోంచి ఊరివచ్చే నీళ్లు, అడుగున నాచు ఊగడం కూడా కనిపిస్తుంది. అయితే అది వంతెన మీదున్న నాకు. ఒడ్డున మోకాళ్ల మీద కూచుని గాలం వేసే ఆయనకి నీటి మెరుపే ఎక్కువ. ఆయన వంగేదీ ఊరికే కాదు. నీళ్లలోని చేపకి పైలోకమంతా తల మీద సుమారు 97 డిగ్రీల గుండ్రటి కిటికీలోంచే కనబడుతుంది, ఎంత వంగితే ఆ కిటికీలో అంత తక్కువగా పడతాం. చేప, మనిషి, పురుగు, మూడూ ఒకేసారి కనిపించేది నా ఒక్కడికే. ట్రౌట్ చేప పైకి తేలుతుంది, పురుగు కిందే కాసేపు కొట్టుకుపోతూ పరిశీలిస్తుంది, నచ్చక దిగిపోతుంది. "కొంచెం ఎడమకి" అనబోయి నోరు మూసుకుంటాను.

ఈ ఆటలో పెద్ద తగువొకటి నడిచింది. తేలే పురుగుల మీద 1886లో పుస్తకం రాసిన ఫ్రెడరిక్ హాల్‌ఫర్డ్ శిష్యులకి, పురుగు నీటిపైన తేలాల్సిందే. చేప ఎక్కువగా తినేది నీటి లోపలి పిల్లపురుగుల్నే కదా అన్నాడు ఇదే ఇచెన్‌లో ఏళ్ల తరబడి గాలం వేసిన స్కూస్. 1938లో లండన్ ఫ్లైఫిషర్స్ క్లబ్బులో దీనిమీద చర్చే పెట్టారు. చేపల సంగతి స్కూస్‌కే బాగా తెలుసు. నా ఓటు మాత్రం హాల్‌ఫర్డ్‌కి. పురుగు మునిగిపోతే ఒడ్డున ఉన్నవాడికి చూడ్డానికేముంది?

చేప పడిందంటే నాకు సరదా సగం తగ్గిపోతుంది. చేతివల, ఫొటో, పక్కవాళ్ల అభినందనలు. ఇంకా ఏమీ పడనివాడు ఎక్కడున్నాడా అని చూసుకుంటూ ముందుకి నడుస్తాను.