ఉసిరి చెట్టు కింద బల్ల వేస్తే

దీపావళి మతాబుల పొగ ఇంకా వీధి వదలకముందే కార్తీకం దిగిపోతుంది. తెల్లవారుజామున స్నానాలు, సోమవారం ఉపవాసాలు, నాగుల చవితికి పుట్ట దగ్గర చిమ్మిలి, చలిమిడి, క్షీరాబ్ది ద్వాదశికి తులసికోటలో ఉసిరి కొమ్మ. ఇవన్నీ ఎవరింటికి వాళ్ళు చేసుకునేవి. పదిళ్ళ వాళ్ళూ గిన్నెలు సర్దుకుని బయటికొచ్చే పని మాత్రం ఒకటే: వనభోజనం. ఆదివారం వచ్చిందంటే కోళ్ళ దుకాణాల వాళ్ళు ఈగలు తోలుకుంటుంటారు, తోటల వాళ్ళకి మాత్రం ఫోన్ ఎత్తే తీరిక ఉండదు.

ఈసారి కబుర్లన్నీ ఆ భోజనాల బల్ల చుట్టూనే. అవునండీ, బల్లే. "నేల మీద కూర్చుని తింటేనే అది వనభోజనం" అని మా పెదనాన్నగారు ఇప్పటికీ గట్టిగా వాదిస్తారు. ఆ వాదించేది మాత్రం కుర్చీలో కూర్చునే. మోకాళ్ళు మాట వినని వయసు వాళ్ళు ప్రతి ఇంట్లోనూ ఉన్నారు కాబట్టి జంబుఖానాలు పిల్లలకిచ్చేసి, పెద్దలకి బల్లలు వేయడం మర్యాద. వేశాక ఆ బల్లని చూడముచ్చటగా తయారుచేయడం ఇంకో సరదా.

గాలికి లొంగని గుడ్డ

టెంట్ హౌస్ వాళ్ళిచ్చే మడత బల్లలు మీకు తెలిసినవే. పొడుగెక్కువ, వెడల్పు తక్కువ, అంచున కాస్త తుప్పు. పెళ్ళిళ్ళలో పరిచే తెల్ల కాగితం చుట్ట హాల్లో బాగానే ఉంటుంది. తోటలో మాత్రం ఒక్క గాలి విసురుకి లేచి పప్పులో పడుతుంది. పాత నేత దుప్పటో, రంగు వెలిసిన పోచంపల్లి చద్దరో పరచండి. రంగు కాస్త ముదురుగా ఉంటే మంచిది, పసుపు మరక కనబడదు. తెల్ల గుడ్డ పరిచి, పులుసు గరిటె వంగినప్పుడల్లా గుండె పట్టుకునే బదులు అసలు పరచకపోవడమే నయం.

నాలుగు మూలలా బరువు కావాలి కదా. అందుకు రాళ్ళెందుకు? గుడ్డ కొసల్లో గుప్పెడు ఉసిరికాయలు పోసి నారతో మూట కట్టి వేలాడదీయండి. బల్ల కదలదు, చూడ్డానికి బాగుంటుంది, లేచి వెళ్ళేటప్పుడు పిల్లలు ఆ మూటలు విప్పుకుని ఉప్పూ కారంతో నంజుకుంటారు.

ఆకు సంగతి

అరిటాకుకి మించిన సింగారం ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు. రావులపాలెం చుట్టుపక్కల వాళ్ళకి దాని కొరత లేదు, హైదరాబాదులో అయితే ముందురోజే చెప్పి ఉంచాలి. కొస ఎడమచేతి వైపు, వెడల్పు భాగం కుడిచేతి వైపు. ఇది పెద్దవాళ్ళ చాదస్తం అనుకోకండి, అన్నం కలుపుకునే చేతి దగ్గర చోటెక్కువ ఉండాలన్న లెక్క అందులో ఉంది. బయట గాలికి ఆకు ఈనెల వెంట చీలిపోతుంటుంది. పొయ్యి సెగ మీద ఒక్కసారి అటూ ఇటూ తిప్పితే మెత్తబడి, మడిచినా చీలదు.

ఇంకో ఇబ్బంది ఉంది. ఆ సన్నటి బల్లకి రెండు వైపులా మనుషుల్ని ఎదురెదురుగా కూర్చోబెడితే ఆకులు ఒకదాని మీదికి ఒకటి ఎక్కుతాయి, మీ చారు మీ వియ్యపురాలి బూరెలోకి పారుతుంది. పెళ్ళిళ్ళ వంటవాళ్ళని చూడండి, ఒక వైపే కూర్చోబెట్టి రెండో వైపు నుంచి వడ్డిస్తారు. తోటలోనూ అదే పద్ధతి పాటిస్తే వడ్డించేవాళ్ళు ఎవరి భుజం మీంచీ వంగక్కర్లేదు. తినేవాళ్ళు చెట్ల వైపు తిరిగి కూర్చునేలా బల్ల వేస్తే మరీ మంచిది. కార్ల వైపు చూస్తూ తినడానికి ఇంత దూరం రావడమెందుకు?

అరిటాకు దొరకని చోట మోదుగ విస్తళ్ళు ఉన్నాయి. తెలంగాణ పల్లెల్లో ఇస్తారాకులంటే ముందు గుర్తొచ్చేవి అవే. ఉత్తరాంధ్ర మన్యంలో అయితే అడ్డాకులు. అడవిలో పెద్ద పెద్ద తీగలకి వచ్చే వెడల్పాటి ఆకుల్ని గిరిజనులు కోసుకొచ్చి, ఎండబెట్టి, సన్నటి పుల్లలతో గుండ్రంగా కుడతారు. ఎండు విస్తరి మీద నీళ్ళు చల్లి కాసేపు ఉంచితే మెత్తబడుతుంది. ఎర్ర నేల రంగులో ఉండే ఆ విస్తరి మీద తెల్లటి అన్నం, పచ్చటి పప్పు పడ్డాక వేరే అలంకారం అడగబుద్ధి కాదు. అరిటాకు బొమ్మ అచ్చేసిన ప్లాస్టిక్ పూత కాగితాల్ని మాత్రం దూరం పెట్టండి. ప్లాస్టిక్, థర్మాకోల్ ప్లేట్లూ గ్లాసులూ, అలంకారానికి వాడే థర్మాకోలూ 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధం. అయినా తోటల గట్ల మీద అవి ఇంకా తేలుతూనే ఉన్నాయి. తిన్న అరిటాకుని ఆవు తింటుంది. ఆ పూత కాగితాన్నీ తింటుంది, అదీ బాధ.

పూలు ఎక్కడ పెట్టాలి?

శరదృతువుకి బంతీ చేమంతీ కొదవ లేదు. కడియపులంక పూల మార్కెట్టుకో, గుడిమల్కాపూర్‌కో పొద్దున్నే వెళితే సంచి నిండా తెచ్చుకోవచ్చు. అయితే తెచ్చిన పూలన్నీ బల్ల మధ్యలో గుత్తిగా పెట్టేస్తే వడ్డించేవాళ్ళకి ఆకు కనబడదు, సాంబారు బకెట్టుకి చోటుండదు. దండ గుచ్చి బల్ల ముందంచున, గుడ్డకి కుట్టినట్టుగా వేలాడదీయండి. బల్ల కాళ్ళకి కొబ్బరాకు జడల్లా అల్లి చుట్టండి. రెండు చివరలా రెండు చెంబుల్లో డిసెంబరు పూలో, నందివర్ధనాలో ఉంటే చాలు.

ఘాటు వాసన పూలు తిండి దగ్గర వద్దు. మరువం, దవనం జడలోకి బాగుంటాయి గానీ, దప్పళం పక్కన పెడితే రెండు వాసనలూ కొట్లాడుకుంటాయి.

తెలంగాణ వాళ్ళకి ఈ కాలంలో ఇంకో ధనం ఉంది, గునుగు పువ్వు. చేలగట్ల మీద కలుపు మొక్కలా పెరుగుతుంది, బతుకమ్మ రోజుల్లో పళ్ళెం మీదికెక్కి కూర్చుంటుంది. ఎండినా దాని రూపం చెడదు. బతుకమ్మకని కోసినవాటిలో ఓ కట్ట మిగిల్చి నీడలో ఆరబెట్టుకుంటే కార్తీకంలో బల్ల మీదికి పనికొస్తుంది. తంగేడు అలా కాదు, కోసిన పూటే అందం. అసలు ఆరుబయట భోజనాల మాట వస్తే సద్దుల బతుకమ్మని మరిచిపోకూడదు. చెరువు గట్టు మీద ఆటా పాటా అయ్యాక పులిహోర, పెరుగన్నం, నువ్వుల సద్ది, మలీద ముద్దలు ఒకరికొకరు పంచుకుంటారే, దానికి బల్లా అక్కర్లేదు, ఆకూ అక్కర్లేదు. అరచేయి చాలు.

తినేసే సింగారం

మా వదినది ఒకటే సూత్రం: బల్ల మీద పెట్టింది ఏదైనా సరే, సాయంత్రానికి మనిషి నోట్లోకో, పశువు నోట్లోకో పోవాలి. తిరిగి డిక్కీలో ఎక్కకూడదు. ఆ సూత్రం పట్టుకుంటే ఈ కాలంలో అలంకరణకి లోటే లేదు. సీతాఫలాలు ఇప్పుడే కదా. పాలమూరు వైపు నుంచి వచ్చే బాలానగర్ కాయల్ని కాస్త పచ్చిగా ఉన్నప్పుడు తెచ్చి వెదురు బుట్టలో పెడితే ఆ గరుకు చర్మమే ఒక బొమ్మ. దోర జామకాయలు ఆకులతో సహా. బల్ల రెండు చివరలా చెరకు గడలు, పైన ముడివేస్తే ద్వారం. గోదావరి జిల్లాల వాళ్ళయితే తాటి తేగలు ఎక్కడో అక్కడ సంపాదించి కట్టలు కట్టి నిలబెడతారు. అవి భోజనం అయ్యేదాకా ఆగవు, ఎవరో ఒకరు ఒలుస్తూనే ఉంటారు.

పచ్చళ్ళకి స్టీలు గిన్నెలు మోసుకెళ్ళక్కర్లేదు. అరటి బోదె పొరలు ఒలిచి, జానెడు ముక్కలుగా కోసి, చివరలు మడిచి పుల్ల గుచ్చితే దొప్పలు తయారు. కొత్త ఉసిరికాయ పచ్చడి ఒక దొప్పలో, కందిపొడి ఒక దొప్పలో. నెయ్యి మాత్రం గిన్నెలోనే ఉంచండి, దొప్పని నమ్మకండి.

ముగ్గు వేయాలనుకుంటే తోట గుమ్మం దగ్గర వేయండి. బియ్యప్పిండి ముగ్గు బల్ల దగ్గర వేస్తే చీమల్ని మేళతాళాలతో పిలిచినట్టే. చీమల బెడద ఉన్న చోట పిండివంటల బల్ల కాళ్ళ కింద నీళ్ళు పోసిన మూకుళ్ళు పెట్టడం మన అమ్మమ్మల నాటి ఉపాయం. ఇప్పటికీ దానికి తిరుగులేదు.

చెట్టు కింద ఉండే చిక్కు

కార్తీక పురాణం ఉసిరి చెట్టు కింద తినమంది. అది కాయలు పండే కాలం కూడా ఇదే. కానీ ఉసిరి ఆకులు చూశారు కదా, గోరంత కూడా ఉండవు. గాలి వీస్తే అక్షింతలు వేసినట్టు నేరుగా అన్నం మీద రాలతాయి. అందుకని చెట్టు మొదట్లో పూజ, దీపం పెట్టుకుని, బల్లల్ని నాలుగడుగులు అవతల మామిడి నీడలో వేసుకోవడం తెలివైన పని. వంట పాత్రలకి మూతలు తప్పనిసరి. గాడిపొయ్యి తవ్వేవాళ్ళు దాన్ని చెట్టుకి బాగా దూరంగా తవ్వాలి. సెగకి కొమ్మలు మాడితే మనం పూజించింది ఏమిటో మనకే తెలియదు.

ఉసిరి దీపాలు బల్ల మీదికి కూడా బాగుంటాయి. కాయ పైభాగం గుండ్రంగా తొలిచి నెయ్యి పోసి వత్తి వేస్తారు. గాలికి ఆరిపోకుండా కొబ్బరి చిప్పలో కూర్చోబెట్టండి. ఆ దీపాల అందం చూడాలంటే ఎక్కువసేపు ఆగక్కర్లేదు. నవంబరు మధ్యలో విశాఖలో ఐదున్నర కాకముందే పొద్దు గుంకుతుంది, హైదరాబాదులో మరో ఇరవై నిమిషాలు. రెండో విడత టీ అయ్యేసరికి వెలిగించుకోవచ్చు.

వానొస్తే?

మన శరత్తుకి తుపాన్ల తోడు ఉంది. 2025లో కార్తీకం మొదలై వారం తిరగకుండానే, అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. కోస్తాలో తోట మాట్లాడుకున్నవాళ్ళు దగ్గర్లో ఒక కల్యాణ మండపమో, బడి వరండానో కూడా మాట్లాడి ఉంచుకోవడం మంచిది. తిరుమల స్వామికే ఇది తప్పలేదు. ఏటా కార్తీక వనభోజనానికి మలయప్ప స్వామి ఊరేగింపుగా పారువేట మండపానికి వెళతారు. అక్కడ తిరుమంజనం అయ్యాక భక్తులకి భోజనాలు. వాన ముంచెత్తిన ఏళ్ళలో ఆ ఉత్సవాన్ని ఊళ్ళోని మండపంలోకి మార్చేశారు. దేవుడే చోటు మార్చుకుంటే మనకి నామోషీ ఏమిటి?

కొండల వైపు వెళ్ళేవాళ్ళకి ఇంకో హెచ్చరిక. అనంతగిరి లాంటి చోట్ల కోతులకి మీ బల్ల అలంకారం బాగా నచ్చుతుంది. అరటిపళ్ళ గెల వేలాడదీసే ఆలోచన ఉంటే మానుకోండి.

అటూ ఇటూ

బెజవాడ వాళ్ళు భవానీ ద్వీపానికి, విశాఖ వాళ్ళు ముడసర్లోవకి, భాగ్యనగరం వాళ్ళు గండిపేట వైపుకి బయల్దేరుతున్నారు. కుల సంఘాల వనభోజనాల బ్యానర్లు మాత్రం ఏటేటా పెద్దవవుతున్నాయి. వేదిక, మైకు, నాయకుల బొమ్మలు, ఆ మధ్యలో ఎక్కడో ఓ ఉసిరి కొమ్మ. చెట్టు ఎవరి కులమూ అడగదు గానీ, దాని కింద బల్లలే విడివిడిగా పడుతున్నాయి. పక్కింటి వాళ్ళనీ, పనమ్మాయి కుటుంబాన్నీ కూడా పిలుచుకునే చిన్న చిన్న భోజనాలే ఇంకా కాస్త ఊరట.

సముద్రం దాటిన మనవాళ్ళది వేరే తంటా. అక్టోబరులో అమెరికా గుమ్మాల ముందు గుమ్మడికాయలు, చేమంతి కుండీలు బారులు తీరతాయి. మన కార్తీకం గట్టిపడేసరికి న్యూజెర్సీలో ఆరుబయట కూర్చుంటే నెయ్యి పేరుకుపోతుంది. అందుకే అక్కడ చాలామంది హాల్లోనే బల్లలు వేసుకుని, దుకాణంలో దొరికే గడ్డకట్టిన ఉసిరికాయలతో సరిపెట్టుకుంటారు. టెక్సాస్ వాళ్ళకి పార్కు భాగ్యం ఉంది. ఆస్ట్రేలియా వాళ్ళకి నవంబరంటే వసంతం చివర, వాళ్ళు హాయిగా చెట్ల కిందే తింటారు. చెక్కకుండా మిగిలిన హాలోవీన్ గుమ్మడికాయ మన బల్ల మీద ఒక పూట అలంకారం, మర్నాడు దప్పళం. వదిన సూత్రం అక్కడా పనిచేస్తుందన్నమాట.

చివరి బంతి

ఫొటోలన్నీ మొదటి బంతికే. ఆకులు ఆకుపచ్చగా, దండలు నిటారుగా, దొప్పలు నిండుగా. మూడో బంతికి వచ్చేసరికి అరిటాకులు అయిపోయి కాగితం ప్లేట్లు దిగుతాయి, గుడ్డ మీద మజ్జిగ మడుగులు, పులిహోరలో వేరుశనగలు మాయం. ఆ బంతిలో కూర్చునేది ఎవరు? పొద్దున్నుంచీ దండలు గుచ్చినవాళ్ళు, దొప్పలు కుట్టినవాళ్ళు, గాడిపొయ్యి దగ్గర చెమటోడ్చినవాళ్ళు. ఎక్కువగా ఆడవాళ్ళే. ఈ ఏడు ఆ వరస తిరగేసి చూడండి. చేసినవాళ్ళని మొదటి బంతిలో కూర్చోబెట్టి, ఫొటోలు తీసేవాళ్ళ చేతికి బకెట్టూ గరిటే ఇవ్వండి. మా పెదనాన్నగారికి నెయ్యి గిన్నె అప్పగించాలని ఇప్పటికే తీర్మానం అయిపోయింది. కుర్చీలోంచి లేచి వడ్డిస్తే మోకాళ్ళకీ కాస్త వ్యాయామం.