రాత్రి షుగర్ డౌన్ అయితే పక్క మంచం వాడికి తెల్వాలె



గ్రూపులో ఇప్పటిదాకా నేను నోటిఫికేషన్లు, స్కాలర్‌షిప్ సంగతులు తప్ప ఏం పెట్టలేదు. ఇది కొంచెం పొడుగు పోస్టు. హాస్టళ్లల్ల ఉన్నోళ్లు మాత్రం ఓపిక చేసుకొని చదవండి.

నాకు ఇరవై ఏండ్లు. ఇచ్చోడల హాస్టల్‌ల ఉండి డిగ్రీ చదువుతున్న. మా ఇంట్ల కాలేజీ దాకా వచ్చింది నేనే మొదలు. ఇంటర్ ఫస్టియర్‌ల ఉండంగ మస్తు దూప, ఊకె మూత్రం, బక్కగైపోవుడు... దవాఖానల చూపిస్తే టైప్ వన్ షుగర్ అన్నరు. అప్పటి నుంచి పొద్దున ఒకటి, రాత్రి ఒకటి ఇన్సులిన్ సూది. "స్వీట్లు బాగ తిన్నవా?" అని ఇప్పటికీ అడుగుతరు. మా ఇంట్ల స్వీటంటే పండుగకే. ఇది తింటే వచ్చేది కాదు. మన ఒంట్ల రోగాలతోని కొట్లాడే శక్తే దారి తప్పి, ఇన్సులిన్ తయారు చేసే కణాలను చంపేస్తది. అందుకే మాత్రలతోని నడవదు, బయట నుంచి ఇన్సులిన్ ఎక్కించుకోవాల్సిందే. 1922లో టొరంటోలో మొదటిసారి మనిషికి ఇన్సులిన్ ఇచ్చిన్రు. అంతకుముందు ఈ జబ్బు వచ్చిన పిల్లలు బతికేటోళ్లు కాదు.

హాస్టల్‌ల ఎవ్వరికీ చెప్పలే. సిగ్గు. "సూదుల పోరడు" అంటరేమోనని, ఊళ్లె తెలిస్తే రేపు పెండ్లికి ఎవరు పిల్లనిస్తరని అవ్వ భయం. సిరంజీలు పెట్టె అడుగున, బట్టల కింద దాచేటోన్ని. బాత్రూంలకు పోయి ఏసుకునేటోన్ని.

పోయిన దీపావళికి ఊరికి పోయిన. దండారి రోజులు. మా గూడెం బృందంతోని పక్క గూడేనికి పోయి పగలంత ఆడినం. డప్పు మోగుతుంటే కాళ్లు ఆగుతయా? ఆ సాయంత్రమే బస్సెక్కి ఇచ్చోడకు వచ్చేసిన, తెల్లారి ఇంటర్నల్ ఎగ్జాం ఉండె. ఎప్పటిలెక్కనే సూది ఏసుకున్న. అలసిపోయి రెండు బుక్కలు తిని పండుకున్న. షుగర్ చూసుకోలే. ఒక్కో స్ట్రిప్ ఇరవై రూపాయల దగ్గర పడుతది, ఎందుకు ఖర్చని.

తర్వాతది నాకు గుర్తు లేదు. పక్క మంచం తమ్ముడు చెప్పింది రాస్తున్న. వాడు కొలాం పిలగాడు, నాకంటే రెండేండ్లు చిన్న.

రాత్రి ఒకటిన్నరకు నేను ఏదో గొణుగుతుంటే వానికి మెలకువ వచ్చిందట. లైటేస్తే నా చెమటకు దుప్పటి, మెత్త తడిసి ఉన్నయట. ఒళ్లు చల్లగ ఉంది, వణుకుతున్న. "అన్నా, అన్నా" అని లేపితే వాన్ని నూకేసి తిట్టిన్నట. వాడు వార్డెన్‌ను లేపుతామని లేచి, మళ్ల ఆగిండట. ఎందుకంటే వాడు ఒకసారి నా పెట్టెల సిరంజీలు చూసిండు. నేను మత్తు సూదులు ఏసుకుంటున్ననని అనుకున్నడు! వార్డెన్‌కు తెలిస్తే అన్నను హాస్టల్ నుంచి ఎల్లగొడుతరని, పొద్దటికి తగ్గుతదేమోనని, నా పక్కనే కూసున్నడు.

ఎంతసేపు కూసున్నవురా అని అడిగిన. చెప్పలే.

చివరికి భయమైతే పక్క రూం సీనియర్‌ను పిలుచుకొచ్చిండు. ఆ అన్న వాళ్ల బాపుకు షుగర్ ఉంది. నా చెయ్యి పట్టి చూసి, "ఇది మత్తు కాదురా, షుగర్ డౌన్ అయింది, చక్కెర తే" అన్నడట. అప్పటికింక మింగే తెలివి ఉండె, చక్కెర నీళ్లు మెల్లగ తాగించిన్రు. అర గంట తర్వాత లేచి కూసుంటే నా మంచం చుట్టూ ఎనిమిది మంది ఉన్నరు. మీటర్ తీసి చూసుకుంటే, చక్కెర తాగినంక కూడా 68.

ఎందుకైందో తర్వాత డాక్టర్ చెప్పిండు. ఎగిరి ఆడినప్పుడు కండరాలు దాచుకున్న చక్కెర అంతా వాడుకుంటయి. ఆట ఆగినంక కూడా గంటల తరబడి, ఒక్కోసారి మరుసటి రోజు దాకా, రక్తంలకెళ్లి చక్కెర గుంజుకుంటనే ఉంటయి. నేనేసుకునే తెల్లటి మిక్స్ ఇన్సులిన్ జోరు కూడా సరిగ్గ అర్ధరాత్రి తర్వాతనే. పైంగ తిన్నది రెండు బుక్కలు. (ఆ రోజు ఇప్పసార తాగలే, అది నయం. తాగితే కాలేయం తనకాడున్న చక్కెర వదలదు, ఇంకా డౌన్ అయితది. పైంగ వాసనొస్తే తాగి పడ్డడనుకుంటరు.)

70 కంటే తక్కువైతే లో షుగర్ అంటరు. 54 కంటే కింద పోతే ఇంక ప్రమాదం. పగలైతే చేతులు వణుకుడు, గుండె దడ, ఆకలి ముందుగాలనే చెప్తయి. నిద్రల తెల్వది. తడిసిన దుప్పటి, పీడకలలు, పొద్దున తలనొప్పి ఊకె ఉంటే, రాత్రి డౌన్ అయితుందేమో చూసుకోవాలె. నాకు అంతకుముందు చాలా పొద్దుల తలనొప్పి ఉండె. చదువుతోని అనుకున్న.

ఇప్పుడు పండుకునే ముందు తప్పకుండ చూసుకుంట. 100 కంటే తక్కువుంటే ఏమన్న తినకుండ పండుకోవద్దని నాకు చెప్పిన్రు. మీ లెక్క మీ డాక్టర్‌ను అడగండి. 70 కింద ఉంటే మూడు నాలుగు టీ చెంచాల చక్కెర గాని గ్లూకోజ్ పొడి గాని నీళ్లల్ల కలిపి తాగి, 15 నిమిషాలాగి మళ్ల చూడాలె. పెరగకపోతే మళ్ల అంతే.

ఒక తప్పు మాత్రం చెప్పాలె. అవ్వ నాకు ఇప్పపువ్వు లడ్డూలు కట్టి పంపింది, "డౌన్ అయితే తిను బిడ్డా" అని. ఒకసారి గట్లనే తిన్న. ఎంతసేపైనా వణుకు తగ్గలే. అండ్ల బెల్లముంటది గాని పల్లీలు, నువ్వులు కూడా ఉంటయి. ఆ నూనెతోని చక్కెర రక్తంలకు మెల్లగ పోతది. చాక్లెట్ కూడా అంతే. ముందు చక్కెర నీళ్లు, షుగర్ పెరిగినంక లడ్డూ. మళ్ల డౌన్ కాకుండ లడ్డూ పనికొస్తది. అవ్వకు ఇది చెప్పనీకి వారం పట్టింది, ఆమె లడ్డూను తక్కువ చేసిన్నని అలిగింది.

ఇంకో తప్పు, భయపడి పది రోజులు రాత్రి సూది ఎగ్గొట్టిన. వాంతులై, ఊపిరాడక రిమ్స్‌ల అడ్మిట్ అయిన. సూది మానుడు మందు కాదు. డోసు తగ్గించాలంటే డాక్టర్‌ను అడిగి తగ్గించాలె. ఆడిన రోజు ఎట్ల చేయాల్నో ఇప్పుడు ముందే అడిగి పెట్టుకున్న.

మనిషి తెలివి తప్పి ఉంటే నోట్లె నీళ్లు గాని చక్కెర గాని పోయొద్దు, ఊపిరితిత్తులల్లకు పోతది. పక్కకు ఒరిగించి పండుకోబెట్టి 108కి ఫోన్ చేయాలె. ఇది మా రూంల అందరికీ నేర్పిన. మొదటిసారి చెప్తుంటే గొంతు వణికింది. చెప్పుడు అయిపోయినంక ఒకడు అడిగింది ఒక్కటే, "సూది నొప్పి పెడుతదా?"

ఆ తమ్ముని మెత్త కింద ఇప్పుడు గ్లూకోజ్ ప్యాకెట్ ఉంటది. నేను ఆడొచ్చిన రోజు రెండు గంటలకు వాడే అలారం పెట్టుకుంటడు. పోయిన నెల గట్లనే లేపిండు, 61 ఉండె. తాగినంక పదిహేను నిమిషాలు కండ్లు మూతపడుతున్నా నా ఎదురుంగ కూసున్నడు. 94 చూసినంక "పండుకో అన్నా" అని లైట్ తీసేసిండు.

గ్రూపుల టైప్ వన్ ఉన్నోళ్లు, ఇంట్ల చిన్నపిల్లలకున్నోళ్లు ఉంటే నాకు పర్సనల్‌గ మెసేజ్ పెట్టండి. పేరు బయట పెట్టను. రేపు రాత్రి పండుకునే ముందు మీ రూంల ఒక్కరికన్న చెప్పండి.

జై సేవా.