దారి తప్పితే దొరికిన లోయ

అది 1931. హిమాలయాల్లో 7,756 మీటర్ల ఎత్తున్న కామెట్ శిఖరాన్ని ఎక్కి దిగి వస్తోంది బ్రిటిష్ పర్వతారోహకుల బృందం. వాతావరణం తిరగబడింది. దారి తప్పింది. భ్యూందర్ కనుమ దాటి తెలియని లోయలోకి దిగారు. చూస్తే... ఎటు కాలు మోపినా పూలే! బృంద నాయకుడు ఫ్రాంక్ స్మైత్‌కు ఆ దృశ్యం మనసులోంచి పోలేదు. 1937లో మళ్లీ వచ్చి, అక్కడే గుడారం వేసుకుని, మొక్కలూ విత్తనాలూ సేకరించాడు. మరుసటి ఏడాది 'వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్' పేరుతో పుస్తకం తెచ్చాడు. అలా నేటి ఉత్తరాఖండ్‌లోని ఆ పూలలోయ లోకానికి తెలిసింది.

లోకానికంటే బయటి లోకానికే! దిగువనున్న భ్యూందర్ గ్రామస్థులకు అది తరతరాలుగా తెలుసు. వేసవి రాగానే గొర్రెల్నీ మేకల్నీ తోలుకెళ్లే మేతబీడు అది.

ఇంతకీ ఇన్ని పూలు అక్కడే ఎందుకు? ఆ కథ మంచుతో మొదలవుతుంది. నది తవ్విన లోయ అడుగున ఇరుకుగా ఉంటుంది. హిమానీనదం తవ్విన లోయ అలా కాదు. గోడలు నిటారుగా, అడుగు వెడల్పుగా పెద్ద తొట్టిలా ఉంటుంది. ఒకప్పుడు ఇక్కడ నిండుగా కదిలిన మంచు, కొండల్ని చెక్కి, రాళ్లను పిండి చేసింది. వెనక్కి తగ్గుతూ ఆ మట్టినీ రాళ్లనూ ఇక్కడే వదిలేసింది. దాని శేషమే లోయ తలాపున ఉన్న టిప్రా హిమానీనదం. అక్కడ పుట్టిన పుష్పావతి నది లోయ పొడవునా పారుతుంది. నవంబరు నుంచి మే దాకా అంతా మంచు దుప్పటే. వాలుల మీద నుంచి జారిపడే మంచుచరియలు పెద్ద చెట్లను ఎదగనివ్వవు. అందుకే నేలంతా ఎండ. మొక్కలకు దొరికేది మహా అయితే నాలుగు నెలలు. ఆలోగానే చిగురించాలి, పూయాలి, గింజ కట్టాలి. అందుకే అంత తొందర, అన్ని రంగులు! 500కు పైగా జాతుల పూలమొక్కలున్న ఆ లోయలో జులై, ఆగస్టు నెలలే అసలైన పండగ.

అన్నట్టు, మన ఇళ్లలో అర్ధరాత్రి పూసే 'బ్రహ్మకమలం' అసలు బ్రహ్మకమలం కాదు. అది మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతాల నుంచి వచ్చిన కాక్టస్ జాతి మొక్క. అసలుది ఈ హిమాలయాల ఎత్తుల్లో, రాళ్ల మధ్య పూస్తుంది. ఉత్తరాఖండ్ రాష్ట్ర పుష్పం అదే.

వెళ్లాలంటే రిషీకేశ్ నుంచి జోషీమఠ్ మీదుగా బద్రీనాథ్ దారిలో గోవింద్‌ఘాట్ చేరాలి. పుల్నా దాకా జీపులుంటాయి. అక్కడి నుంచి ఘంఘరియాకు సుమారు 10 కిలోమీటర్లు నడక, లేదంటే కంచరగాడిద. ఓపక్క పూలలోయ, మరోపక్క సిక్కుల పుణ్యక్షేత్రం హేమకుండ్ సాహిబ్... రెంటికీ దారి ఘంఘరియా నుంచే. లోయ జూన్ నుంచి అక్టోబరు దాకా తెరిచి ఉంటుంది. లోపల రాత్రి బస లేదు. పొద్దున వెళ్లి సాయంత్రానికి బయటికి వచ్చేయాల్సిందే.

లోయలో ఓ సమాధి ఉంది. స్మైత్ పుస్తకం వచ్చిన మరుసటి ఏడాదే, 1939లో, ఇంగ్లాండ్ నుంచి వృక్షశాస్త్రవేత్త జోన్ మార్గరెట్ లెగ్గే వచ్చింది. వయసు 54. పూలు సేకరిస్తూ కాలుజారి పడి చనిపోయింది. ఆ తరువాత ఆమె సోదరి అక్కడ రాతి పలక పెట్టించింది. ఇప్పటికీ వెళ్లినవాళ్లు అక్కడ ఓ క్షణం ఆగుతారు.

ఇక అసలు చిక్కు. 1982లో లోయను జాతీయ పార్కు చేశారు. పూలను కాపాడాలని పశువుల మేత ఆపేశారు. 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపూ వచ్చింది. అయితే స్థానికులు 'అమేలా' అనే మొక్క మనిషెత్తు పెరిగి, చిన్న పూలమొక్కలకు ఎండ అందకుండా కమ్మేయడం మొదలుపెట్టింది. పోనీ విదేశీ కలుపా అంటే, కాదు. హిమాలయాలదే! మంద తిరిగినన్నాళ్లూ దాన్ని తొక్కి, మేసి అదుపులో ఉంచిందని కొందరంటారు. కాదు, కొండచరియలు విరిగిన చోట, పూర్వం మందలు విడిది చేసిన చోటే అది బలిసిందని మరికొందరి వాదన. వాదన తేలలేదు గానీ అటవీశాఖ మనుషుల్ని పెట్టి దాన్ని పీకిస్తోంది. పూలలోయలో కలుపుతీత!

మేత పోయిన గ్రామస్థుల సంగతేంటి? బసలు, కంచరగాడిదలు, దుకాణాలు... వాళ్ల బతుకు యాత్రికుల మీదకు మారింది. 2013 జూన్ వరదల్లో భ్యూందర్ గ్రామం దారుణంగా దెబ్బతింది. గోవింద్‌ఘాట్ వంతెన కొట్టుకుపోయింది. ఆ ఏడాది యాత్రికులు లేక వీధులు బోసిపోయాయి. యాత్రికులు వస్తే చెత్త, రాకపోతే పస్తు! అందుకే గ్రామస్థుల కమిటీయే దారి పొడవునా ప్లాస్టిక్ ఏరే పని తలకెత్తుకుంది.

కంచె వేసి తాళం పెట్టినంత మాత్రాన ఏ తోటా తోటగా మిగలదు. కలుపు తీసే చెయ్యి ఉండాలి, సీసా ఏరే నడుమూ వంగాలి. మంచు చెక్కిన లోయే అయినా, ఇప్పుడు దాని బాగోగులు మనుషుల చేతుల్లోనే ఉన్నాయి. వెళ్లే ప్రతి యాత్రికుడి చేతిలోనూ!