బంటుమిల్లి కొబ్బరిచెట్లు - కొమ్ముపురుగు

బందరునుండి పెడనమీదుగా బంటుమిల్లికి బోవు బాట కిరుప్రక్కలను వరిచేలును చేపలచెరువులును గానవచ్చును. ఊరు సమీపించుకొలది కాలువగట్లమీదను, ఇండ్ల పెరళ్లలోను కొబ్బరిచెట్లు దట్టమగును. మేము బంధుదర్శనార్థమై యచ్చటి కరిగినప్పుడు, కొన్నిచెట్ల యాకులు కత్తెరతో గత్తిరించిన విసనకఱ్ఱలవలె నుండుట జూచితిమి. "ఇదంతా కొమ్ముపురుగు చేసిన పని, వదినా!" యని మా చిన్నాడుబిడ్డ చెప్పినది.

నాటి రాత్రి దీపమునొద్ద వచ్చి పడిన పురుగు నామె మాకు జూపినది. బొటనవ్రేలంత లావు, రెండంగుళములకు దగ్గఱ పొడవు, నల్లని మెఱుగు మేను, నెత్తిపై ఖడ్గమృగమునకువలె నొక కొమ్ము. వీపుపై రెండు గట్టి చిప్పలు, వాని క్రింద మడిచిన పలుచని ఱెక్కలు. కర్ణునకు సహజకవచ ముండెననియు, అతని తొడ నొక కీటకము దొలిచెననియు భారతకథలో వినియున్నాము. ఈ జీవియందు కవచమును, దొలుచు నేర్పును రెండును గలవు.

"ఇది యేనుగంత పెరిగితే?" యని పిల్లలు మావారి నడిగిరి. పురుగులకు ఊపిరితిత్తులు లేవు. ప్రక్కలనున్న సన్నని రంధ్రములగుండ గాలి చొచ్చి, లోని గొట్టములవెంట మేనంతటను వ్యాపించును. మేను మిక్కిలి పెరిగినచో గాలి చాలినంతగా లోపలి కందదు. పైచిప్ప బరువును కాళ్లు మోయజాలవు. సుమారు 30 కోట్ల యేండ్ల క్రిందట, గాలిలో ప్రాణవాయువు నేటికంటె హెచ్చుగా నున్న కాలమున, ఱెక్కలు చాచిన 2 అడుగులుండు తూనీగవంటి పురుగులు జీవించెను. నేడట్టి భయము లేదని మావారు వారికి బోధించిరి.

కాని కొబ్బరిచెట్టునకు ఈ రెండంగుళముల పురుగే యేనుగు. అది రాత్రివేళ వచ్చి మొవ్వును దొలిచి రసము ద్రావును. ముడుచుకొనియున్న లేతయాకులు తెగి, విచ్చుకొన్నపిదప విసనకఱ్ఱ రూపమున గాన్పించును. లేతమొక్కయైనచో మొవ్వు చచ్చి మొక్కయే పోవును. పెద్దచెట్టునకు గాపు తగ్గును. ఆ గాయమున ఎఱ్ఱముక్కుపురుగు చేరినచో చెట్టే కూలును. నూనెకును, పచ్చడికిని, చీపురుకట్టకును ఆధారమైన చెట్టు పోయిన నింటి కెంత లోటో సోదరీమణులకు జెప్పనక్కఱలేదు.

ఇంతకును దీని పురిటిల్లు మన పెరటి పెంటపోగే. తల్లిపురుగు పెంటలోను, కుళ్లిన మానులలోను గ్రుడ్లు పెట్టును. అవి పదిపండ్రెండు దినములలో బగిలి, తెల్లని మెత్తని పురుగులై, మూడునాలుగు నెలలు, ఒక్కొక్కప్పు డంతకుమించియు, ఆ కుళ్లునే తిని పెరుగును. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన తుపానువంటివి వచ్చినప్పుడు కూలిన మానులను దొలగింపకున్న, నవియు దాని కాటపట్టులగును.

కావున కవచము దొడుగకముందే దానిని బట్టవలెను. పెంటపోగును తఱచుగా దిరుగవేసిన తెల్లపురుగులు బయల్పడును. కోళ్లును కాకులును వానిని విడువవు. పురుగును జంపు మెటారైజియమను పచ్చబూజును పెంటలో గలుపుటయు గలదు. మొవ్వున రంధ్రమును, నమిలిన పిప్పియు గానవచ్చిన ఇనుపకొక్కెముతో పురుగును లాగింపవలెను. వేపపిండియు నిసుకయు గలిపి పైమట్టల మొదళ్లలో బోయుటయు మంచిది. చెట్టెక్కుట మగవారి పనియైనను, దినదినము పేడ వేయునది మన చేయి గనుక, పెంటపోగును గనిపెట్టియుండుట మన వంతు.